వేట నిషేధం మొదలయ్యేలోపు: నిరంతర ప్రణాళికపై ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 6

డైరెక్టరు గారిని మినహాయిస్తే విశాఖపట్నం మధురవాడలోని మా ఆఫీసులో ఎనిమిది మందిమి ఉన్నాం. నలుగురు డెవలపర్లు, ఒక టెస్టర్, ఒక డిజైనర్, రోజూ ఫిషింగ్ హార్బరుకు వెళ్లి వినియోగదారుల వెంట ఉండే సపోర్టు కుర్రాడు, ఏ పని ముందు చేయాలో తేల్చే ప్రాడక్ట్ ఓనరుగా నేను. మరబోట్ల యజమానులు ఒక్కో ట్రిప్పుకు ఎంత ఖర్చయింది, ఎంత వచ్చింది, కళాసీల (బోటులో పనిచేసేవారి) వాటాలు పోను చేతికి ఎంత మిగిలింది అన్న లెక్కను ఫోనులో చూసుకునే యాప్‌ను తయారుచేస్తున్నాం. పని కష్టమైనదే గాని, ఈ డైరీ యాప్ గురించి కాదు. ఆ యాప్‌లో తర్వాత ఏం చేయాలో మేము నిర్ణయించుకునే పద్ధతిని మార్చి, ఎప్పటికప్పుడు సరిచూసుకునే నిరంతర ప్రణాళికకు మారబోతున్నాం. ఆ మార్పు ఎలా సాగుతుందో ఇక్కడ నమోదు చేస్తాను.

ఇప్పటివరకు మూడు నెలలకోసారి రెండు రోజులు తలుపులు మూసుకుని కూర్చుని ప్రణాళిక వేసేవాళ్లం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వేసిన పట్టికను నిన్న తీసి చూశాను. రాసుకున్న 41 అంశాల్లో 15 పూర్తయ్యాయి. అదే మూడు నెలల్లో పట్టికలో లేనివి 12 చేశాం. ఎవరూ ఖాళీగా లేరు, ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. అయినా ఆ రెండు రోజుల్లో మేము తీసుకున్న నిర్ణయాల్లో చాలావాటిని, వాటి గురించి అతి తక్కువ తెలిసిన సమయంలోనే తీసుకున్నామని ఆ కాగితం చెబుతోంది.

అలాగని ప్రణాళికే వద్దనడం సరికాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేరు నిపుణులు కలిసి రాసిన అజైల్ ప్రకటన, ప్రణాళికను అనుసరించడం కంటే మార్పుకు స్పందించడానికి ఎక్కువ విలువ ఇస్తామంటుంది. ఆ వెంటనే, తక్కువ విలువ ఇచ్చిన వాటికి కూడా విలువ ఉందని అంగీకరిస్తుంది. ఈ రెండో వాక్యాన్ని చాలామంది చదవరు. మా ఆఫీసులో దాన్ని గోడకు అంటించాను.

జనవరి 20

సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి పనిగా బ్యాక్‌లాగ్‌ను, అంటే చేయాల్సిన పనుల జాబితాను, శుభ్రం చేశాం. అందులో 214 అంశాలు ఉన్నాయి. కొన్ని మూడేళ్ల కిందటివి, వాటిని రాసినవారు ఇప్పుడు కంపెనీలో లేరు. ఆరు నెలలుగా ఏ వినియోగదారుడూ అడగనిదాన్ని తీసేయాలని నియమం పెట్టుకున్నాం. నిజంగా అవసరమైతే ఎవరో ఒకరు మళ్లీ అడుగుతారన్నది మా నమ్మకం. సాయంత్రానికి 58 మిగిలాయి. తీసేస్తున్నప్పుడు నాకే మనసు ఒప్పుకోని అంశాలు కొన్ని ఉన్నాయి, ఎందుకంటే వాటిని రాసింది నేనే. కానీ ప్రతి నెలా 214 అంశాలను మళ్లీ చదివి, మళ్లీ వరుసలో పెట్టడానికి మేము పెడుతున్న సమయం ఎవరి బోటు లెక్కకూ అక్కరకు రాలేదు. వృథాను తగ్గించుకుంటూ పనిచేయాలనే లీన్ ఆలోచనలో వృథా అంటే చేసిన పని పాడవడమే కాదు, ముందే సిద్ధం చేసి గోదాములో పేర్చిన సరుకు కూడా వృథాయే. మాకు బ్యాక్‌లాగే ఆ గోదాము.

ఫిబ్రవరి 3

ఈ రోజు గోడమీది బోర్డును మూడు భాగాలు చేశాం. రాబోయే రెండు వారాల్లో చేయబోయే వాటిని పూర్తి వివరంతో రాస్తాం. ఏ పరిస్థితిలో ఏం జరగాలో ఉదాహరణతో సహా, టెస్టర్ చదివితే సందేహం రాని విధంగా ఉండాలి. ఆ తర్వాతి మూడు నెలలకు సంబంధించినవాటిని ఒక్కో వాక్యంలో, అదీ పరిష్కారంగా కాక సమస్యగా రాస్తాం. అంతకన్నా దూరంలో ఉన్నవాటికి దిశ మాత్రమే ఉంటుంది. దగ్గరపడేకొద్దీ వివరం పెరగాలి గాని, ఏడాది తర్వాతి పనికి ఈ రోజే బటన్ రంగు నిర్ణయించకూడదు.

సాఫ్ట్‌వేరు బృందాలు వాడే స్క్రమ్ అనే పద్ధతి మార్గదర్శిలో 2020లో ప్రాడక్ట్ గోల్ అన్న భావనను చేర్చారు. బ్యాక్‌లాగ్ అంతా ఏ ఒక్క లక్ష్యం వైపు నడుస్తోందో చెప్పాలన్నది దాని ఉద్దేశం. మా లక్ష్యాన్ని చాలాసేపు చర్చించి ఇలా రాసుకున్నాం: "వేట నిషేధం మొదలయ్యే ఏప్రిల్ 15 లోపు, ఏ ట్రిప్పులో లాభం వచ్చిందో, ఏ ట్రిప్పులో నష్టం వచ్చిందో బోటు యజమాని కాగితాలు వెతక్కుండా చెప్పగలగాలి." తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడేందుకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు, మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. ఈ తేదీని మేము జరపలేం, ఎవరితో మాట్లాడీ వాయిదా వేయించలేం. ప్రణాళిక వేసేవారికి ఇటువంటి తేదీ ఒకటి దొరకడం మంచిదేనని నేను అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 17

బోర్డు మీద "జరుగుతోంది" అన్న వరుసలో ఈ రోజు 18 కార్డులు ఉన్నాయి, ఒక్కో పనికి ఒక్కో కార్డు. గత ఆరు వారాలుగా మేము సగటున వారానికి మూడు కార్డులు పూర్తి చేస్తున్నాం. అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటి ఉంది. వ్యవస్థలో ఉన్న పనుల సంఖ్యను, అవి పూర్తయ్యే వేగంతో భాగిస్తే, ఒక్కో పని లోపల సగటున ఎంతకాలం ఉంటుందో తెలుస్తుంది. పద్దెనిమిదిని మూడుతో భాగిస్తే ఆరు. అంటే ఈ రోజు మొదలుపెట్టిన కార్డు ఆరు వారాల తర్వాత బయటికి వస్తుంది. ఏప్రిల్ 15కు ఎనిమిది వారాలే ఉన్నాయి. ఈ లెక్కను బోర్డు పక్కన తెల్ల కాగితం మీద వేసి చూపించినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

టొయోటా కర్మాగారంలో తైయిచి ఓనో రూపొందించిన కాన్‌బాన్ పద్ధతి, తర్వాతి దశకు అవసరమైనంతే దానికి ముందున్న దశ తయారుచేయాలంటుంది. దాన్ని సాఫ్ట్‌వేరుకు మలచుకున్నవారు, ఒక్కో దశలో ఏకకాలంలో ఎన్ని పనులు ఉండవచ్చో పరిమితి పెట్టారు. మా పరిమితిని ఆరు అని పెట్టాను. మా సీనియర్ డెవలపర్ అభ్యంతరం చెప్పాడు. "నా కార్డు టెస్టింగులో ఆగితే నేను చేతులు ముడుచుకుని కూర్చోవాలా మేడం?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. అప్పుడు వెళ్లి టెస్టర్ పక్కన కూర్చోవాలని చెప్పాను. అతనికి నచ్చలేదు, అయినా ప్రయత్నిస్తానన్నాడు.

మార్చి 3

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

తెల్లవారుజామున సపోర్టు కుర్రాడితో కలిసి బీచ్ రోడ్డు మీదుగా ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. వేలం అప్పటికే మొదలైంది. జెట్టీ మీద రాసులుగా పోసిన చేపల మధ్య నీళ్లలో నడుచుకుంటూ మా వినియోగదారుల్లో ఒకరైన బోటు యజమానిని కలిశాం. పన్నెండు రోజుల ట్రిప్పు ముగించి రాత్రే ఆయన బోటు తిరిగివచ్చింది.

నేను వెళ్లింది ఒక ప్రత్యేకమైన పని మీద. మా మూడు నెలల పట్టికలో "మాటతో లెక్క నమోదు" అన్న అంశం ఉంది. యజమాని ఫోనులో మాట్లాడితే యాప్ తనంతట తానే ఖర్చును రాసుకోవాలన్నది ఆలోచన. డెవలపర్లు దానికి ఐదు వారాలు పడుతుందని అంచనా వేశారు. పాత పద్ధతిలోనైతే డిసెంబరులో ఆమోదం పొందింది కాబట్టి ఫిబ్రవరిలోనే మొదలుపెట్టేసేవాళ్లం. ఇప్పుడు మధ్య భాగంలోని ప్రతి కార్డు మీద కుడివైపు పైమూలలో ఎర్ర పెన్నుతో ఒక తేదీ రాస్తున్నాం. అది పని పూర్తికావలసిన తేదీ కాదు, చేయాలా వద్దా అని తేల్చవలసిన చివరి తేదీ. ఆ కార్డు మీద మార్చి 5 అని ఉంది. అది దాటితే ఐదు వారాల పని నిషేధం లోపు పూర్తవుతుందని ధీమాగా చెప్పలేం, కనుక అంతవరకు ఆగవచ్చు, ఆ తర్వాత ఆగకూడదు.

యజమాని తన చిట్టా పుస్తకం చూపించారు. ఎర్ర అట్ట, చెమ్మకు ఉబ్బిన అంచులు. ఒక్కో ట్రిప్పుకు ఒక్కో పేజీ. డీజిల్, ఐసు, రేషను, వల బాగుచేయించినది, కళాసీలకు ఇచ్చిన అడ్వాన్సు, అన్నీ వరుసగా ఉన్నాయి. దస్తూరీ గుండ్రంగా, పొందికగా ఉంది. హార్బరులో నిలబడి తడిచేతులతో రాసిన దస్తూరీ కాదది. ఎవరు రాస్తారని అడిగితే ఆయన నవ్వారు. "నానెక్కడ రాత్తానమ్మా? మా పాప రాత్తది. ఇంటరు సెకండియరు సదువుతోంది. ఐసు సీటీలు, డీజిలు బిల్లులు అన్నీ జేబులో ఏసుకెల్లి దానికి ఇచ్చెత్తాను. రెండు రోజులాగి కూకుని రాత్తది."

ఐసు చీటీ చూపించమని అడిగాను. అరచేతిలో సగం కూడా లేని పలుచని కాగితం, నీళ్లు తగిలి మూలన ఇంకు చెదిరింది. అంకె మాత్రం కనిపిస్తోంది. ఈ చీటీలు నాలుగైదు రోజులు జేబులో ఉంటాయి, ఒకటి రెండు పోతాయి, పోయినదాన్ని గుర్తున్నంతలో రాస్తారు. అంటే సమస్య రాయడంలో లేదు. చీటీ చేతికి వచ్చిన చోటికీ, లెక్క రాసే చోటికీ మధ్య ఉంది. ఆయనకు మాటతో నమోదు అక్కర్లేదు. చీటీని ఆయన అక్కడికక్కడే ఫోటో తీస్తే, ఇంట్లో అదే ఖాతాను మరో ఫోనులో తెరిచి పాప అంకెలు వేయగలిగితే సరిపోతుంది.

వెనక్కి వచ్చి డెవలపర్లతో మాట్లాడితే, ఫోటో, రెండో వ్యక్తికి ప్రవేశం, ఈ రెండూ కలిపి రెండు వారాల పని అన్నారు. "మాటతో నమోదు" కార్డును బోర్డు మీంచి తీసేశాం. దానికోసం ఎవరూ ఒక్క పంక్తి కూడా రాసి ఉండలేదు కాబట్టి ఎవరికీ బాధ కలగలేదు. ఆలస్యంగా నిర్ణయించడం అంటే ఇదేనని అప్పుడు అర్థమైంది. బద్ధకంతో వాయిదా వేయడానికీ, చివరి తేదీ తెలిసి దానికోసం సమాచారం సేకరిస్తూ ఆగడానికీ చాలా తేడా ఉంది.

మార్చి 10

ఉత్పత్తుల అభివృద్ధిపై పుస్తకాలు రాసిన డాన్ రైనర్ట్‌సెన్ ప్రచారంలోకి తెచ్చిన "ఆలస్యపు ఖరీదు" అన్న భావనతో కార్డులను వరుస పెట్టి చూశాం. ఒక పని ఒక వారం ఆలస్యమైతే ఎంత నష్టమన్నది ప్రశ్న. రూపాయల్లో కచ్చితంగా చెప్పడానికి ప్రయత్నించి రెండు గంటలు పోగొట్టుకున్నాం, చివరికి ఆ ప్రయత్నం మానేశాం. మాకు పనికొచ్చింది నష్టం ఎంతన్నది కాదు, ఏ ఆకారంలో పెరుగుతుందన్నది.

ఉదాహరణకు కళాసీల వాటా లెక్క ఆలస్యమైతే ప్రతి వారం కొంచెం కొంచెంగా నష్టం. కానీ ఒడ్డున కట్టేసిన కాలంలో ఇంజిను, వలలు, రంగుల ఖర్చు రాసే మరమ్మతు ఖాతా అలా కాదు. ఏప్రిల్ 14 వరకు అది ఆలస్యమైనా నష్టమే లేదు. ఏప్రిల్ 15 దాటితే రోజురోజుకూ నష్టం. జూన్ 14 తర్వాత ఇచ్చినా మళ్లీ ఏడాది వరకు ఎవరికీ అక్కర్లేదు. అందుకని దాన్ని వెనక్కి జరిపి, వాటా లెక్కను ముందుకు తెచ్చాం. నిజానికి ఈ వారం వరకు మరమ్మతు ఖాతా మొదటి స్థానంలో ఉండేది, కారణం డైరెక్టరు గారికి అది బాగా నచ్చడం.

మార్చి 17

నిషేధానికి నాలుగు వారాలు. మిగిలినవి 12 కార్డులు. వారానికి సగటు మూడు కాబట్టి సరిగ్గా సరిపోతాయని డైరెక్టరు గారు సంతోషించారు. నేను గత పది వారాల లెక్క చూపించాను: 2, 4, 3, 3, 1, 5, 3, 4, 2, 3. సగటు మూడే, కానీ ఒక్కటే పూర్తయిన వారమూ ఉంది, ఐదు పూర్తయిన వారమూ ఉంది. ఈ పది అంకెల్లోంచి యాదృచ్ఛికంగా నాలుగు ఎంచి కూడే పనిని స్ప్రెడ్‌షీటులో వేలసార్లు చేయించాం. 12 కార్డులు పూర్తయ్యే అవకాశం సగానికి కాస్త పైన వచ్చింది. పది కార్డులకైతే నూటికి దాదాపు 87. సగటును నమ్మి మాట ఇవ్వడమంటే నాణెం ఎగరేసి మాట ఇవ్వడంతో సమానమని ఆ రెండు అంకెలే చెప్పాయి. రెండు కార్డులను జూన్ తర్వాతకు జరిపాం. ఏ రెండు అన్నదానిపైనే ఎక్కువ వాదన జరిగింది, అది ఉపయోగకరమైన వాదన.

మార్చి 26

ఈ వారం జరిగిన తప్పు నాదే. హార్బరు నుంచి వచ్చిన ప్రతి మాటకూ నేను వరుసను మార్చాను. సోమవారం నుంచి బుధవారం లోపు పైనున్న కార్డు నాలుగుసార్లు మారింది. ఇద్దరు డెవలపర్లు సగం రాసిన పనిని పక్కన పెట్టి వేరేది తెరిచారు. ఈ వారం ఇప్పటివరకు ఒక్క కార్డూ పూర్తికాలేదు. మధ్యాహ్నం సీనియర్ డెవలపర్ నా దగ్గరికి వచ్చి, "నిరంతర ప్రణాళిక అంటే రోజూ మారే ప్రణాళిక అనుకోలేదు మేడం" అని నెమ్మదిగా అన్నాడు.

అతను చెప్పింది నిజం. ప్రణాళికను రోజూ చూడాలి, రోజూ కొత్త సంగతిని దానికి చేర్చాలి, కానీ రోజూ పనివారి చేతుల్లోని పనిని లాగేయకూడదు. మూడు నెలలకోసారి వేసే ప్రణాళికకు ఉన్న ఒకే ఒక్క మంచి గుణం స్థిరత్వం. దాన్ని పోగొట్టుకుని మేము పొందినదేమీ లేదు. సాయంత్రం అందరం కూర్చుని నియమాలు రాసుకున్నాం. మొదలైన కార్డు పూర్తయ్యేదాకా కదలదు, యాప్ పనిచేయకపోతే తప్ప. వరుస మార్పు బుధవారం ఉదయం అరగంటలోనే జరుగుతుంది. మధ్యలో వచ్చిన సంగతులు ఒక పసుపు కాగితం మీద చేరి బుధవారం కోసం ఎదురుచూస్తాయి. మొదటి పసుపు కాగితాన్ని ఇప్పటికే తొమ్మిది వాక్యాలతో నింపాను.

ఏప్రిల్ 2

బుధవారం. పసుపు కాగితం మీది తొమ్మిదింటిలో రెండే బోర్డు ఎక్కాయి. మిగతా ఏడు వారం తిరిగేసరికి వాటంతటవే చల్లబడ్డాయి. "జరుగుతోంది" వరుసలో ఆరు కార్డులు.

ఏప్రిల్ 14

పదిలో తొమ్మిది కార్డులు వినియోగదారుల చేతికి చేరాయి. మిగిలిన ఒక్కటి, డీజిల్ సబ్సిడీ వివరాల నివేదిక, ఎలాగూ బోట్లు ఆగిన కాలంలో ఎవరూ తెరవరు కాబట్టి జూన్‌కు వెళ్లింది. హార్బరులో బోట్లు ఒకదాని పక్కన ఒకటి చేరుతున్నాయని, నీళ్లు కనిపించడం లేదని సపోర్టు కుర్రాడు ఫోటో పంపాడు. ఫిబ్రవరిలో కొత్త కార్డుకు ఆరు వారాలు పట్టేది, ఇప్పుడు రెండు వారాల్లో బయటపడుతోంది. పనిచేసే వేగం పెద్దగా పెరగలేదు. ఒకేసారి మొదలుపెట్టడం తగ్గింది, అంతే.

మే 7

డైరెక్టరు గారు ఏడాది బడ్జెట్ కోసం పూర్తి పట్టిక అడిగారు, అంశాల వారీగా, ఖర్చుల వారీగా. ఆయన అడగడంలో తప్పులేదు, డబ్బు పెట్టేవారికి లెక్క కావాలి. అంశాలకు బదులు ఒకే పేజీలో మూడు సమస్యలు, ఒక్కో సమస్యపై ఈ ఎనిమిది మంది ఎన్ని నెలలు పనిచేయవచ్చు, ఏ తేదీన ఆపాలో కొనసాగించాలో తేలుస్తాం అని రాసి ఇచ్చాను. పనికి కాక బృందానికి నిధులు కేటాయించి, మూడు నెలలకోసారి దిశను సమీక్షించడం లీన్ పద్ధతిలో పనిచేసే కంపెనీలు అనుసరించే మార్గం. ఆయన రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, మూడో సమస్య కింద గీత గీశారు.

ఆ మూడో సమస్య తుఫాను కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకిన తర్వాత కరెంటూ ఫోన్లూ లేని ఆ రోజులను ఈ ఊళ్లో అనుభవించిన ఎవరూ మరిచిపోలేదు. నెట్‌వర్కు లేకపోయినా లెక్కలు ఫోనులో ఉండాలి, ఫోను పోయినా లెక్కలు పోకూడదు. ఎలాగన్నది ఇంకా నిర్ణయించలేదు. కార్డు మీద ఎర్ర తేదీ ఆగస్టు 20.

జూన్ 11

నిషేధం ముగియడానికి మూడు రోజులుంది, హార్బరులో వలలు బోట్లలోకి ఎక్కుతున్నాయి. మరమ్మతు ఖాతాను అందరూ వాడలేదు గాని, వాడినవారు చివరిదాకా వాడారు. మార్చిలో కలిసిన యజమాని పేజీలో ఇంజిను పని, వలలు, రంగు, గేరుబాక్సు, అన్నింటి పక్కనా చీటీల ఫోటోలున్నాయి. ఏ ఒక్కటీ పోలేదు.

ఆయనకు ఫోను చేశాను. సంతోషంగా మాట్లాడి, చివరలో వేరే సంగతి చెప్పారు. పాప ఇంటర్ పాసైంది, ఇంజినీరింగులో చేరుతోంది, ఆగస్టు నుంచి కాకినాడలో హాస్టలు. "అదెల్లిపోతే మరి ఈ అంకెలెవలేత్తారమ్మా?" అని అడిగారు. అక్కడి నుంచి తన ఫోనులోనే వేయవచ్చు కదా అన్నాను. "సదువుకోనియ్యమ్మా దాన్ని" అన్నారు.

ఈ రోజు బుధవారమే. పసుపు కాగితం మీది ఆ మాట చదివాక కొత్త కార్డు తీసి, "మాటతో నమోదు" అని కాక, "పాప హాస్టలుకు వెళ్లాక లెక్క ఎవరు వేస్తారు?" అని రాశాను. డిజైనర్ ఇంకో నలుగురు యజమానుల ఇళ్లలో లెక్క ఎవరు రాస్తున్నారో కనుక్కుంటానంది. సపోర్టు కుర్రాడు ఆమెతో వెళ్తాడు. కార్డును మధ్య భాగంలో అంటించి, కుడివైపు పైమూలలో ఎర్ర పెన్నుతో జులై 9 అని తేదీ వేశాను.